కథ ముందే తెలిసిన గొంతు

1935 నవంబరులో బ్రిటన్‌లో అంధుల కోసం ఒక కొత్త రకం గ్రంథాలయం మొదలైంది. వేళ్లతో తడిమి చదివే బ్రెయిలీ సంపుటాలకు బదులు అది గ్రామఫోను డిస్కులను పాఠకుల ఇళ్లకు పంపింది. మొట్టమొదట డిస్కులకెక్కిన పుస్తకాల్లో రెండు కల్పనా రచనలున్నాయి. ఒకటి జోసెఫ్ కాన్రాడ్ ‘టైఫూన్’. రెండోది అగాథా క్రిస్టీ 1926లో వెలువరించిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్’.

క్రిస్టీ నవలను ఒక పల్లెటూరి డాక్టరు ‘నేను’ అంటూ చెబుతాడు. ఊళ్లో హత్య జరుగుతుంది. డిటెక్టివ్ పొయిరో రంగంలోకి దిగుతాడు. డాక్టరు అతని వెంట తిరుగుతూ చూసినదీ విన్నదీ రాసిపెడతాడు. ఆయన ఏం చెప్పాడు, ఏం దాటేశాడు అన్నదానిమీదే నవల మొత్తం నిలబడి ఉంది. చదవనివారి కోసం ఇంతకు మించి విప్పను. అచ్చులో ఉన్నంతకాలం ఆ డాక్టరు గొంతు ఎలా ఉంటుందో ఊహించుకోవడం పాఠకుడి పని. డిస్కుకెక్కగానే ఆ పని ఇంకొకరి చేతికి పోయింది. చదివే మనిషికి చివరి పేజీ తెలుసు, వినే మనిషికి తెలియదు. తెలిసిన సంగతి ఒక్క తడబాటుగానో, ఒక్క అనవసరపు ఒత్తుగానో గొంతులో బయటపడితే రచయిత్రి పడ్డ శ్రమంతా వృథా. అలాగని ఏ జీవమూ లేకుండా చదివితే రెండోసారి వినేవారికి ఆ డాక్టరు లోపల దాచుకున్నది దొరకదు.

వినే పుస్తకాల చరిత్ర చెప్పేవారు సాధారణంగా యంత్రాలను వరసపెట్టి చెబుతారు: సిలిండరు, డిస్కు, క్యాసెట్టు, సీడీ, ఫోను. ఆ వరస లేకుండా ఈ కథ నడవదు. కానీ ప్రతి యంత్రం వెనకా ఒకే తగువు కనిపిస్తుంది. రచనకూ శ్రోతకూ నడుమ నిలబడిన ఈ మూడో మనిషి ఎంత ముందుకు రావచ్చు, ఎక్కడ ఆగాలి? ఆ తగువు ఏ కాలంలో ఏ మలుపు తిరిగిందో చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

డికెన్స్ చదివిన తీరు

యంత్రం రాకముందే ఈ ప్రశ్నను ఒంటిమీద మోసినవాడు చార్లెస్ డికెన్స్. 1853 డిసెంబరులో బర్మింగ్‌హామ్‌లో ఒక ధర్మకార్యం కోసం ‘ఎ క్రిస్మస్ కేరల్’ను జనం ముందు చదివాడు. 1858 నుంచి టిక్కెట్లు పెట్టి, ఇంగ్లండులోనూ అమెరికాలోనూ ఊరూరా తిరిగి చదివాడు. మొత్తం మీద అలాంటి సభలు నాలుగు వందలు దాటాయి.

ఆయన చేతిలో ఉండేది దుకాణంలో దొరికే ప్రతి కాదు. సభ కోసం ప్రత్యేకంగా కత్తిరించుకున్న ప్రతి. ఎక్కడ గొంతు దించాలి, ఎక్కడ సైగ చెయ్యాలి అన్న గుర్తులు అంచుల్లో రాసుకునేవాడు, కొన్ని మాటల కింద గీతలు గీసుకునేవాడు. సంభాషణల పక్కన ఉండే ‘అన్నాడు’, ‘అంది’ లాంటివి చాలాచోట్ల కొట్టేశాడు. ఎవరు మాట్లాడుతున్నారో గొంతే చెబుతున్నప్పుడు వాటితో పనేముంది? చిన్న మార్పులా కనిపించినా ఈ కొట్టివేతలో పెద్ద సంగతి ఉంది. గొంతు వచ్చి చేరాక రచనలో కొన్ని మాటలు మిగులుబడ్డాయి. తన పుస్తకాన్ని తానే తగ్గించుకునే హక్కు డికెన్స్‌కు ఉంది. ఆయన తరువాత ఇతరుల పుస్తకాలు చదవడానికి వచ్చినవారికి ఆ హక్కు లేదు. చిక్కంతా అక్కడ మొదలైంది.

1869 జనవరి నుంచి ఆయన ‘ఆలివర్ ట్విస్ట్’లో నాన్సీ హత్య జరిగే ఘట్టాన్ని చదవడం మొదలుపెట్టాడు. మామూలుగా 72 ఉండే నాడి ఆ ఘట్టం ముగిసేసరికి 110 దాటేదని వెంట ఉన్నవారు నమోదు చేశారు. డాక్టరు వద్దన్నా కొంతకాలం మానలేదు. 1870 మార్చిలో లండన్‌లో చివరిసారి చదివి సెలవు తీసుకున్నాడు. జూన్‌లో కన్నుమూశాడు. ఆ గొంతు ఎలా ఉండేదో ఈ రోజు ఎవరికీ తెలియదు, ఎందుకంటే ధ్వనిని పట్టి ఉంచే యంత్రం మరో ఏడేళ్లకు గాని రాలేదు.

1877 డిసెంబరులో థామస్ ఎడిసన్ తగరపు రేకు చుట్టిన సిలిండరు మీద ఒక పిల్లల గేయాన్ని పలికి, మళ్లీ దాని నోట వినిపించాడు. మరుసటి ఏడాది ‘నార్త్ అమెరికన్ రివ్యూ’లో తన యంత్రం ఎన్ని రకాలుగా పనికొస్తుందో చెబుతూ ఒక వ్యాసం రాశాడు. ఆ పట్టికలో అంధుల కోసం పుస్తకాలు పైవరసలోనే ఉన్నాయి. పది అంగుళాల లోహపు పలక మీద 40,000 మాటల పుస్తకం ఎక్కించవచ్చని లెక్క కట్టాడు. వినే పుస్తకమన్న ఆ కల నిజం కావడానికి అర్ధశతాబ్దం పైగా పట్టింది. ఆయన చేతిలో ఉన్న రేకు మీద కొద్ది సేపటి మాటలే పట్టేవి, నాలుగైదు సార్లు తిప్పగానే అవీ అరిగిపోయేవి.

చూపు పోయినవారి గ్రంథాలయం

ఆ కల మళ్లీ కదలడానికి మొదటి ప్రపంచ యుద్ధం ఒక కారణం. వేలాదిమంది సైనికులు చూపు పోగొట్టుకుని ఇంటికొచ్చారు. పాతికేళ్లు నిండాక, కొన్నిసార్లు చేతులకు కూడా గాయాలయ్యాక బ్రెయిలీ నేర్చుకోవడం అందరివల్లా అయ్యే పని కాదు. బ్రిటన్‌లో ఆ సైనికుల కోసం వెలసిన సెయింట్ డన్‌స్టన్స్ సంస్థను నడిపిన ఇయాన్ ఫ్రేజర్ కూడా 1916లో సోమ్ యుద్ధంలో చూపు పోగొట్టుకున్నవాడే. ఆ సంస్థా, అంధుల జాతీయ సంస్థా కలిసి నిమిషానికి 24 చుట్లు మాత్రమే తిరిగే డిస్కులు తయారు చేయించాయి. ఒక్కో వైపు 25 నిమిషాలు వినవచ్చు. మామూలు నవలకు పది డిస్కులు పట్టేవి.

అమెరికాలో ఇదే పని కాస్త ముందే జరిగింది. అంధుల కోసం పుస్తకాలకు ఏటా లక్ష డాలర్లు ఇచ్చే చట్టాన్ని 1931లో అక్కడి కాంగ్రెస్ చేసింది. అమెరికన్ ఫౌండేషన్ ఫర్ ది బ్లైండ్ సంస్థను నడిపిన రాబర్ట్ ఇర్విన్ స్వయంగా అంధుడు. ఆయన పట్టుదలతో నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే డిస్కు తయారైంది. 1934 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ద్వారా పుస్తకాలు పాఠకులకు అందాయి. మామూలు జనంలో లాంగ్ ప్లే రికార్డు 1948 తరువాత గాని నిలదొక్కుకోలేదు. అంటే కొత్త యంత్రం మొదట స్థిరపడింది సంగీతప్రియుల ఇళ్లలో కాదు, అంధుల ఇళ్లలో. ఆ డిస్కులు తిప్పే యంత్రాలను మాంద్యం కాలంలో పని లేనివారికి పని కల్పించే ప్రభుత్వ పథకం కింద 20,000కు పైగా తయారు చేసి ఉచితంగా ఇచ్చారు.

యంత్రం కుదిరింది, మరి చదివేదెవరు? ఆ రోజుల్లో మైకు ముందు నిలబడడం అలవాటున్నవారు ఇద్దరే: రేడియో ప్రకటనకర్త, నాటకాల నటుడు. అదే కాలంలో రేడియో నాటకం వైభవంగా వెలుగుతోంది. తలుపు కిర్రుమనడం, గుర్రపు డెక్కల చప్పుడు, ఒక్కో పాత్రకు ఒక్కో నటుడు. పుస్తకాన్నీ ఆ తోవలోనే నడిపిస్తే వినడానికి రక్తి కడుతుంది గదా అని ఎవరికైనా అనిపిస్తుంది.

అంధుల కోసం ఈ ‘టాకింగ్ బుక్’లు తయారు చేసిన సంస్థలు కాలక్రమాన స్థిరపరచుకున్న మర్యాద వేరు. అట్ట మీది మాట నుంచి చివరి మాట దాకా ఏదీ వదలకూడదు, ఏదీ చేర్చకూడదు. పాత్ర ఎవరో తెలిసేంత భేదం గొంతులో ఉండాలి గాని అతిగా నటించకూడదు. ఈ మర్యాద వెనక ఉన్నది కళాభిరుచి ఒక్కటే కాదు. చూపున్న పాఠకుడు పుస్తకం తెరిచి తన మనసులో తానే పాత్రలకు రూపం కట్టుకుంటాడు, వేగం తానే నిర్ణయించుకుంటాడు. చూపు పోయినవాడికి ఇప్పటికే చాలా విషయాల్లో ఇంకొకరు నిర్ణయం తీసుకుంటున్నారు. కథలో ఎవరిమీద జాలిపడాలో, ఎక్కడ నవ్వాలో కూడా ఇంకొకరే చెబితే మిగిలేదేముంది? చదివే మనిషి పక్కకు తప్పుకోవడం అక్కడ వినయం మాత్రమే కాదు, వినే మనిషి స్వతంత్రానికి ఇచ్చిన గౌరవం.

ఆ మర్యాదకు నిలువెత్తు రూపం అలెగ్జాండర్ స్కోర్బీ. 1913లో బ్రూక్లిన్‌లో గ్రీకు కుటుంబంలో పుట్టి రంగస్థలం మీద షేక్స్‌పియర్ పాత్రలు వేసినవాడు. 1937లో అంధుల కోసం చదవడం మొదలుపెట్టి, 1985లో చనిపోయేలోపు 400కు పైగా పుస్తకాలు చదివాడు. కింగ్ జేమ్స్ బైబిలు మొత్తం ఆయన గొంతులో ఉంది. హోమర్ ‘ఇలియడ్’ ఉంది, టాల్‌స్టాయ్ ‘వార్ అండ్ పీస్’ ఉంది. మంద్రంగా, నిలకడగా సాగే చదువు అది. నటుడై ఉండి నటనను లోపల బిగబట్టడం ఆయన సాధించిన విద్య. నటన రానివాడు పొడిగా చదివితే అది లోపం. నటన వచ్చినవాడు కొలత తెలిసి ఆపుకుంటే ఆ ఆపుకోవడం శ్రోతకు చేరుతుంది.

అయితే ఈ గొంతులు చాలాకాలం చూపున్నవారి చెవిన పడలేదు. రచయితలూ ప్రచురణకర్తలూ ఈ డిస్కులు అంధులకే చెందాలన్న షరతు మీద అనుమతి ఇచ్చారు. కాబట్టి 1952లో ఇరవై రెండేళ్ల యువతులిద్దరు, బార్బరా కోహెన్, మేరియాన్ రోనీ, న్యూయార్క్‌లో కేడ్మన్ రికార్డ్స్ స్థాపించి కవి డిలన్ థామస్ చేత చదివించినప్పుడు అమెరికన్ శ్రోతలకు అదొక కొత్త అనుభవం. ఒక వైపు కవితలతో నిండింది. రెండో వైపు నింపడానికి ఆయన వేల్స్‌లోని తన చిన్ననాటి క్రిస్మస్ గురించి రాసిన వచనం చదివాడు. ఆ వచనమే జనానికి ఎక్కువ నచ్చింది. రచయిత గొంతే రచనకు అసలైన గొంతు అన్న నమ్మకం అప్పుడు బలపడింది. ఆ నమ్మకం కవిత్వంలో కొంతవరకు చెల్లుతుంది. నలభై పాత్రలున్న నవలను పన్నెండు గంటలపాటు చదవాల్సి వచ్చినప్పుడు రాయగలిగిన ప్రతివాడూ చదవగలడని చెప్పలేం.

కారులో నవల

చూపున్నవారు నవలను వినడం మొదలుపెట్టింది కారులో. ఫిలిప్స్ సంస్థ 1963లో క్యాసెట్టును తెచ్చింది. పన్నెండేళ్లకు, 1975లో, డువాల్ హెక్ట్ అనే ఆయన కాలిఫోర్నియాలో ‘బుక్స్ ఆన్ టేప్’ ప్రారంభించాడు. ఆయన 1956 ఒలింపిక్స్‌లో పడవ పందెంలో స్వర్ణపతకం గెలిచినవాడు. రోజూ న్యూపోర్ట్ బీచ్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు కారులో వెళ్లి రావడంలో గంటలు గడిచిపోతుంటే, రేడియో విసుగెత్తి ఈ ఆలోచన చేశాడు. క్యాసెట్లను పోస్టులో అద్దెకు పంపేవాడు. పుస్తకం పూర్తిగా చదవాలి, ఎక్కడా కుదించకూడదు, పఠనం నిరాడంబరంగా ఉండాలి. టాకింగ్ బుక్ మర్యాదను ఆయన దాదాపు యథాతథంగా వ్యాపారంలోకి తెచ్చాడు.

కొద్ది ఏళ్లలోనే మేరీల్యాండ్‌లో ‘రికార్డెడ్ బుక్స్’ సంస్థ వచ్చింది. అదీ పూర్తి పాఠాన్నే నమ్ముకుంది గాని చదవడానికి రంగస్థల నటులను ఎంచుకుంది. దాని తొలి గొంతు ఫ్రాంక్ మల్లర్‌ది, తొలి పుస్తకం జాక్ లండన్ ‘ది సీ వుల్ఫ్’. మరోపక్క 1980లలో పెద్ద ప్రచురణ సంస్థలు సినిమా తారలను పిలిచి, నవలను మూడు గంటలకు కుదించి, రెండు క్యాసెట్లలో అమ్మాయి. అక్కడ గొంతు పేరే సరుకు, పుస్తకం దానికి అట్టపెట్టె. ఒకే దశాబ్దంలో మూడు వైఖరులు పక్కపక్కన నిలబడ్డాయి: వెనక్కి తగ్గిన గొంతు, పాత్రలోకి దిగిన గొంతు, పుస్తకాన్ని మించిపోయిన గొంతు. శ్రోతలు కాలక్రమాన ఎన్నుకున్నది రెండోదాన్ని.

ఎందుకు ఎన్నుకున్నారో మల్లర్‌ను చూస్తే తెలుస్తుంది. ఆయన గొంతులు మార్చి మెప్పించే విద్యను నమ్ముకోలేదు. ప్రతి పాత్ర ఆ క్షణంలో ఏం కోరుకుంటోందో అర్థం చేసుకుని, ఆ కోరికను ఊపిరిలో పెట్టాడు. ‘మోబీ డిక్’ లాంటి కొరుకుడుపడని నవలను కూడా ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టు చదివాడు. స్టీఫెన్ కింగ్ తన రచనలు ఆయన చదవాలని కోరుకున్నాడు.

ఇక్కడే ఈ చరిత్రలో గొంతు విలువను తూచి చూపిన సంఘటన జరిగింది. కింగ్ ‘డార్క్ టవర్’ నవలామాలలో మొదటి మూడు భాగాలను తొలుత తానే చదివి రికార్డు చేశాడు. తరువాత వచ్చిన కొత్త రికార్డింగుల్లో రెండు, మూడు, నాలుగు భాగాలు మల్లర్ చదివాడు. కథ ఇంకా సగంలో ఉంది. 2001 నవంబరులో మోటారుసైకిలు ప్రమాదంలో ఆయన మెదడుకు తీవ్రమైన గాయం తగిలింది. మళ్లీ మైకు ముందుకు రాలేకపోయాడు. 2002 ఫిబ్రవరిలో కింగ్, జాన్ గ్రిషమ్, పాట్ కాన్రాయ్, పీటర్ స్ట్రాబ్ న్యూయార్క్ టౌన్ హాల్‌లో సభ పెట్టి, తమ పుస్తకాలు చదివి, వచ్చిన డబ్బు ఆయన వైద్యానికి ఇచ్చారు. తమను చదివిన మనిషి కోసం రచయితలు చదివిన సభ అది. 2003లో అయిదో భాగం వచ్చినప్పుడు కింగ్ దాన్ని మల్లర్‌కే అంకితమిచ్చాడు, తన తలలో పలికే గొంతులు ఆయనకు వినిపిస్తాయన్న అర్థం వచ్చేలా. ఆ భాగాన్ని చదివింది మాత్రం జార్జ్ గైడాల్. మల్లర్ 2008లో చనిపోయాడు.

గైడాల్ చేయి తిరిగినవాడు. వెయ్యికి పైగా పుస్తకాలు చదివాడు. అయినా నాలుగో భాగం ముగించి అయిదోది మొదలుపెట్టిన శ్రోతకు ఒక్క క్షణం గుండె కలుక్కుమంటుంది. కథానాయకుడు అదే మనిషి, రచయిత అదే రచయిత. పోయింది గొంతు ఒక్కటే. కానీ శ్రోత ఆ మనిషిని ఇన్నాళ్లూ గుర్తుపెట్టుకున్నది ఆ గొంతుగానే. అచ్చులో చదివినవారికి ఈ నష్టం ఉన్నట్టే తెలియదు. మనకు ఇది బొత్తిగా కొత్త అనుభవం కాదు. కమల్ హాసన్ తమిళ చిత్రాలు తెలుగులోకి వచ్చినప్పుడు బాలసుబ్రహ్మణ్యం గొంతుకు అలవాటుపడిన మన ప్రేక్షకులకు, ఆ తెర మనిషి నోట మరో గొంతు పలికితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

రెండు వందల గొంతుల మనిషి

1999 నుంచి హారీ పోటర్ నవలలు ఈ తగువుకు ఒక ప్రయోగశాలను ఇచ్చాయి. అవే కథలను బ్రిటన్ శ్రోతల కోసం స్టీఫెన్ ఫ్రై చదివాడు, అమెరికా శ్రోతల కోసం జిమ్ డేల్ చదివాడు. ఇద్దరూ ఇంగ్లీషువాళ్లే. ఫ్రై పక్కనే కూర్చుని పిల్లలకు కథ చెప్పే పెద్దమనిషిలా చదువుతాడు. డేల్ సంగీత నాటకాలనుంచి, హాస్యచిత్రాలనుంచి వచ్చిన నటుడు. చివరి నవలలో 146 పాత్రలకు వేర్వేరు గొంతులు కట్టి గిన్నెస్ పుస్తకానికెక్కాడు, రెండు గ్రామీ బహుమతులు అందుకున్నాడు. రెండు దేశాల్లో ఒక తరం పిల్లలు ఒకే కథ విన్నారు గాని ఒకే పుస్తకం వినలేదు. అందుకే ఏది మంచి పఠనం అన్న వాదన ఈనాటికీ తెగలేదు. ఎవరికి వారు మొదట విన్నదే అసలైనదని నమ్ముతారు.

రాయ్ డాట్రిస్ ఆ దారిలో మరో అడుగు ముందుకేశాడు. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ ‘ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్’లో ఒక్కడే 224 పాత్రలకు గొంతు ఇచ్చి రికార్డు స్థాపించాడు. కానీ ఈ పద్ధతికి ఒక మూల్యం ఉంది. నాలుగో భాగం తొలిసారి రికార్డయినప్పుడు ఆయన చదవలేదు, జాన్ లీ చదివాడు. 2011లో అయిదో భాగానికి డాట్రిస్ తిరిగి వచ్చేసరికి వయసు ఎనభై ఎనిమిది. నడుమ ఏళ్లు గడిచాయి. కొన్ని పాత్రలకు మునుపు పెట్టిన గొంతులు మారిపోయాయి, పడుచుపిల్ల కాస్తా వయసు మళ్లినట్టు వినిపించింది. శ్రోతలు నొచ్చుకున్నారు. గొంతుతో పాత్రను ఎంత స్పష్టంగా చెక్కితే, ఆ చెక్కడాన్ని అంత కచ్చితంగా చివరిదాకా నిలబెట్టాలి. స్కోర్బీలాగా లీలగా గీసిన రేఖలకు ఈ ప్రమాదం తక్కువ.

2017లో జార్జ్ సాండర్స్ ‘లింకన్ ఇన్ ది బార్డో’ 166 మంది గొంతులతో వచ్చింది. శ్మశానంలో ప్రేతాత్మలు ఒకరి మాటకు ఒకరు అడ్డుపడుతూ చెప్పే నవలకు ఆ పద్ధతి అమరింది. అలాంటి రచనలు అరుదు. నవలలో అధికభాగం నేటికీ ఒక్క గొంతులోనే సాగుతోంది. దానికి ఖర్చు ఒక్కటే కారణమని అనుకోను. నవలంటే వేరువేరు మనుషుల్ని ఒకే మనసు గుండా చూడడం. పదిమంది నటులు పదిమందినీ మన ముందు పెట్టగలరు. ఆ పదిమందినీ చూస్తున్న పదకొండో మనిషిని, అంటే కథ చెప్పే మనిషిని, ఒక్క గొంతు మాత్రమే నిలబెట్టగలదు.

అని, అన్నాడు

గొంతు అసలు ఏం చేస్తుందో దగ్గరగా చూద్దాం. గంటకు సుమారు 9,000 మాటలు చదివే వేగంలో శ్రోతకు వెనక్కి తిరిగే తీరిక లేదు. పేజీ మీద కన్ను తప్పిపోతే వెనక్కి వస్తుంది. చెవికి ఆ వెసులుబాటు తక్కువ. కాబట్టి వాక్యంలో ఏది ముఖ్యం, ఏది పక్కమాట అన్నది గొంతే విడదీసి ఇవ్వాలి. విరామం ఆ పనికి మొదటి సాధనం. ఒక మాట తరువాత అర సెకను ఆగితే ఆ మాటకు నీడ వస్తుంది. నేటి ఫోనుల్లో శ్రోత వేగాన్ని ఒకటిన్నర రెట్లకు పెంచుకున్నప్పుడు మొట్టమొదట నలిగేది ఆ నీడే.

అంతకంటే చిక్కైనది, మాట ఎవరిదో తేల్చని వాక్యం. ‘సుబ్బయ్య అరుగు మీద కూర్చున్నాడు. ఆ ఊళ్లో అతనంత ధర్మాత్ముడు లేడు’ అని ఒక కథలో ఉందనుకుందాం. రెండో వాక్యం రచయితదా, సుబ్బయ్య తన గురించి తాను అనుకుంటున్నదా, ఊరివాళ్లు వెటకారంగా అనేదా? కన్నుకు మూడూ ఒకేసారి అందుతాయి. గొంతు ఏదో ఒకవైపు మొగ్గకుండా పలకడం చాలా కష్టం. మొగ్గితే రచయిత తెరిచి ఉంచిన తలుపు మూసినట్టవుతుంది.

తెలుగు చదివేవారికి మరో పరీక్ష ఉంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, సంభాషణ ముగిశాక గాని ‘అని’ రాదు. ‘ఇక నువ్వు వెళ్లొచ్చు’ అన్న మాట తరువాత ‘అని కసిరాడు’ ఉందో, ‘అని కళ్లు తుడుచుకున్నాడు’ ఉందో వాక్యం చివరికి వెళ్తే గాని తెలియదు. చదివేవాడి కన్ను నోటికన్నా ఒక వాక్యం ముందు నడవాలి. పెద్ద లెక్కలో అయితే, నోటికన్నా పుస్తకం మొత్తం ముందు నడవాలి. ఇరవయ్యో అధ్యాయంలో రచయిత ఒక పాత్రకు నత్తి ఉందని చెబితే, అప్పటిదాకా గడగడా పలికించినవాడు చేసేదేమీ ఉండదు.

యాస మరో గండం. రావిశాస్త్రి కథల్లో విశాఖ మనుషులు మాట్లాడే తీరును కృష్ణా జిల్లా గొంతులో నునుపుగా చదివితే కథ అర్థమవుతుంది గాని మనిషి మిగలడు. రాని యాసను అనుకరిస్తే అది వెక్కిరింతలా వినిపిస్తుంది. నామిని చిత్తూరు మాటకైనా, అల్లం రాజయ్య తెలంగాణ మాటకైనా ఇదే వర్తిస్తుంది. ఇక్కడ ఎవరు చదవాలి అన్న ఎంపికే సగం పఠనం.

ఒక్క గొంతుతో పది పాత్రలు నడపడం మన నేలకు తెలియని విద్య కాదు. విజయనగరం ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) చిడతలు పట్టి, గజ్జె కట్టి, ఒక్కడే రాత్రంతా హరికథ నడిపేవాడు. బుర్రకథలో ఈ పనిని ముగ్గురు పంచుకుంటారు. కథకుడు కథ చెబుతాడు, ఒక వంత నవ్విస్తాడు, మరో వంత లోకం పోకడ మీద వ్యాఖ్యానం చేస్తాడు. ఆడియో పుస్తకం చదివేవాడు ఈ రెండు సంప్రదాయాల వారసుడని అనాలనిపిస్తుంది గాని తేడా పెద్దది. హరికథకు వచ్చినవారికి రుక్మిణి ఎవరిని పెళ్లాడుతుందో తెలుసు. దాసుగారు కథను ఆపి, పిట్టకథ చెప్పి, మళ్లీ అందుకోవచ్చు. కథ ఉమ్మడి సొత్తు, చెప్పే తీరు ఆయనది. నవల అలా కాదు. కథ రచయితది, మాట రచయితది, చివర ఏమవుతుందో శ్రోతకు తెలియదు. అక్కడ పిట్టకథకు చోటు లేదు.

ఈ తేడాను ‘బారిష్టర్ పార్వతీశం’ బాగా పట్టిస్తుంది. మొగల్తూరు కుర్రవాడు ఇంగ్లండు వెళ్తూ పడ్డ పాట్లన్నీ తానే ‘నేను’ అంటూ చెబుతాడు. తాను నవ్వు పుట్టిస్తున్నానని అతనికి తెలియదు. మొక్కపాటి నరసింహశాస్త్రి హాస్యమంతా ఆ తెలియకపోవడంలోనే ఉంది. చదివేవాడి గొంతులో ఒక్క చిరునవ్వు మెరిసినా పార్వతీశం అమాయకుడు కాకుండా పోయి, జోకులు చెప్పేవాడిగా మారిపోతాడు. క్రిస్టీ డాక్టరు తెలిసి దాస్తాడు, మన పార్వతీశం తెలియక బయటపడతాడు. ఇద్దరినీ చదవడానికి కావలసిన నిగ్రహం ఒక్కటే: చదివేవాడికి తెలిసినది గొంతులో బయటపడనివ్వకూడదు.

వ్యాఖ్యాత అన్న మాట

ఇటీవలి ఏళ్లలో పెద్ద సంస్థలు యంత్రపు గొంతులతో చదివించిన పుస్తకాలను కూడా దుకాణాల్లో పెడుతున్నాయి. ఎవరూ చదవడానికి ముందుకు రాని పుస్తకాలకు, ముఖ్యంగా చూపు లేని పాఠకులకు అది మేలు చేయవచ్చు. కానీ టాకింగ్ బుక్ సంస్థలు కోరిన ‘అడ్డురాని గొంతు’ అంటే ఎవరూ లేని గొంతు అని కాదు. స్కోర్బీ పక్కకు తప్పుకున్నాడంటే, తప్పుకోవడానికి అక్కడ ఒక మనిషి ఉన్నాడు కాబట్టే.

రేడియోలో, సభల్లో కార్యక్రమం నడిపేవారిని మనం వ్యాఖ్యాత అంటాం. కావ్యానికి అర్థం చెప్పేవాడినీ ఆ మాటతోనే పిలుస్తాం. ఈ రెండు పనులూ ఒకటేనని వినే పుస్తకాల తొంభై ఏళ్ల చరిత్ర చెబుతోంది. గొంతెత్తి చదవడమంటే ప్రతి వాక్యానికీ ఒక అర్థాన్ని ఎంచుకోవడమే. వ్యాఖ్యానం లేని పఠనం లేదు, అతి తక్కువ నటన కూడా ఒక వ్యాఖ్యానమే. అందుకని టాకింగ్ బుక్ పెద్దలు కోరిన పూర్తి తటస్థత దొరికేది కాదు, డేల్, డాట్రిస్‌ల వైభవమూ అన్ని పుస్తకాలకూ సరిపడేది కాదు. కొలత పుస్తకాన్ని బట్టి మారుతుంది. నియమం మాత్రం ఒకటి ఉంది, అది మన దగ్గరే ఉంది. మెతుకుసీమకు చెందిన కోలాచలం మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మాట ఇచ్చాడు. నవలను గొంతుకెత్తుకునేవారికి అంతకన్నా మంచి ఒడంబడిక నాకు కనిపించలేదు.

తెలుగులో ఇప్పుడు ఎందరో ఇళ్లలోనే మైకు పెట్టుకుని కథలు చదువుతున్నారు. వారికి ఒక్క విన్నపం. మైకు ముందు కూర్చునేలోపు పుస్తకాన్ని చివరిదాకా ఒకసారి చదవండి. ఆ తరువాత, ఆ చివర మీకు తెలియదన్నట్టు మొదటి పేజీ మొదలుపెట్టండి.